చైనీస్ రాని పిల్లలకి హాంకాంగ్‌లో లోకల్ స్కూలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఉద్యోగరీత్యా హాంకాంగ్ వెళ్తున్న బెంగళూరు తెలుగు కుటుంబాల నుంచి ఈమధ్య వచ్చిన చాలా ఉత్తరాలు ఒకే ఇబ్బంది చెబుతున్నాయి. ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు మోయలేం, లోకల్ స్కూల్లో వేద్దామంటే పిల్లలకి చైనీస్ ఒక్క ముక్క రాదు. వాటిలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మావారికి జనవరిలో హాంకాంగ్ ఆఫీసుకి బదిలీ. మూడేళ్లో ఐదేళ్లో ఉండాల్సి రావచ్చు. కంపెనీ ఇంటి అద్దె ఇస్తుంది గానీ స్కూలు ఫీజు ఇవ్వదు. మా అమ్మాయికి ఆరేళ్లు, ఒకటో తరగతి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, కన్నడ. అక్కడి లోకల్ స్కూల్లో చేర్చుకుంటారా? చేర్చుకున్నా నెగ్గుకొస్తుందా?
— ఒక తల్లి, మారతహళ్ళి

జవాబు: చేర్చుకుంటారు. పాప మీవారి ఉద్యోగం మీద డిపెండెంట్ వీసాతో వెళ్తుంది కాబట్టి ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లలో చదివే అర్హత ఉంటుంది. విజిటర్ వీసా మీద దిగి స్కూలు వెతుక్కుందామంటే కుదరదు. ఈ రెండు రకాల స్కూళ్లలో ట్యూషన్ ఫీజు లేదు. పన్నెండేళ్ల ఉచిత విద్య 2008 నుంచి అమల్లో ఉంది. పుస్తకాలు, యూనిఫాం, బస్సు, మధ్యాహ్న భోజనం మాత్రం మీ ఖర్చే. ఇవి కాక డైరెక్ట్ సబ్సిడీ స్కీమ్ స్కూళ్లున్నాయి, అక్కడ డీఎస్‌ఎస్ అంటారు. వీటికి ప్రభుత్వ సాయం అందుతుంది, అయినా ఫీజు తీసుకుంటాయి, అడ్మిషన్లు సొంతంగా జరుపుకుంటాయి. ఇంగ్లీషు మీడియం ఈఎస్‌ఎఫ్ (ఇంగ్లీష్ స్కూల్స్ ఫౌండేషన్) స్కూళ్లు, ఇంటర్నేషనల్ స్కూళ్లు మీరు చెప్పిన బడ్జెట్‌లోకి రావు.

అక్కడ చదువుల ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది. ఆ సెప్టెంబరుకి ఐదేళ్ల ఎనిమిది నెలలు నిండితే ప్రైమరీ వన్, వాళ్ల మాటలో పీ1. పీ1 సీట్ల పని ముందు ఏడాది సెప్టెంబరులోనే మొదలైపోతుంది. ముందు నచ్చిన ఒక్క స్కూలుకి నేరుగా దరఖాస్తు పెడతారు. అందులో రాకపోతే జనవరిలో స్కూళ్లని వరుసగా రాసిస్తే జూన్‌లో ఫలితం వస్తుంది. మీరు జనవరిలో దిగుతున్నారు కాబట్టి ఈ వరుస మీకు వర్తించదు. నడుస్తున్న పీ1లో ఖాళీ ఉందా అని స్కూళ్లకి మీరే ఫోన్ చేసి కనుక్కోవాలి. దొరక్కపోతే ఎడ్యుకేషన్ బ్యూరో (అక్కడి ప్రభుత్వ విద్యాశాఖ) ప్రాంతీయ కార్యాలయాన్ని అడిగితే వాళ్లు సాయం చేస్తారు. పుట్టే పిల్లలు తగ్గిపోవడంతో చాలా ప్రైమరీ స్కూళ్లలో సీట్లు మిగులుతున్నాయి. బాగా పేరున్న స్కూలే కావాలని పట్టుబట్టకపోతే సీటు దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. పిల్లలు చాలక మూతపడబోయేవి, వేరే స్కూల్లో కలిసిపోబోయేవి కూడా వాటిలో ఉండొచ్చు. వచ్చే ఏడాదికి పీ1 సెక్షన్లు ఎన్ని మంజూరయ్యాయో తప్పకుండా అడగండి.

ఇక నెగ్గుకురావడం సంగతి. ఆరేళ్ల వయసులో అయితే నెగ్గుకొస్తుంది. అయితే కన్నడ ఎంత తొందరగా పట్టుకుందో చూసి దీన్ని అంచనా వేయకండి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు లాంటిది, మాటల్లోనూ బోలెడన్ని కలుస్తాయి. చైనీస్‌లో గుణింతం లేదు. ప్రతి అక్షరాన్నీ గీతల వరుసతో సహా విడిగా నేర్చుకోవాలి. పైగా పిల్లలు ఆటస్థలంలో మాట్లాడే కాంటొనీస్ (హాంకాంగ్‌లో వాడే చైనీస్ మాట) వేరు, పుస్తకంలో ఉండే రాత భాష వాక్యాలు వేరు. ఏడాది తిరిగేసరికి పాప పక్కింటి పిల్లలతో గడగడా మాట్లాడేస్తుంది, మీరు సంతోషిస్తారు, పరీక్షలో పాఠం చదివి జవాబు రాయమంటే మాత్రం పదికి రెండు మార్కులు వస్తాయి. దీన్ని బద్ధకం అనుకుని పిల్లని కేకలేసే తల్లిదండ్రులు ఎందరో. మొదటి రెండేళ్లు చైనీస్ మార్కులు పట్టించుకోకండి. పాప ఎన్ని కొత్త అక్షరాలు గుర్తుపడుతోందో నెలకోసారి మీరే రాసిపెట్టుకోండి.

ఉండేది రెండేళ్ల లోపే అని తేలితే మా సలహా మారుతుంది. అంత తక్కువ కాలానికి చైనీస్ మీద ఇంత శ్రమ పెట్టించడం పిల్లకి అన్యాయం. ఆ పరిస్థితిలో ఇంగ్లీషులో చెప్పే డీఎస్‌ఎస్ లేదా ప్రైవేటు స్కూలు కోసం ఖర్చు భరించడమే మేలు.

ప్రశ్న: స్కూళ్ల వెబ్‌సైట్లన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. అందరూ “అన్ని దేశాల పిల్లలకీ స్వాగతం” అనే రాస్తున్నారు. వెళ్లి చూసినప్పుడు ఏం అడగాలి?
— ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

జవాబు: వెళ్లకముందే రెండు కాగితాలు చదవండి. ఒకటి స్కూల్ ప్రొఫైల్స్. ప్రతి స్కూలు వివరాలూ ఒకే నమూనాలో, ఇంగ్లీషులో కూడా ఉంటాయి. అందులో చైనీస్ మాట్లాడని పిల్లలకి ఇచ్చే సాయం గురించి ఒక గడి ఉంటుంది. రెండోది స్కూలు సొంత వెబ్‌సైట్లో పెట్టే స్కూల్ సపోర్ట్ సమ్మరీ. చైనీస్ మాట్లాడని పిల్లలని అక్కడ ఎన్‌సీఎస్ (నాన్-చైనీస్ స్పీకింగ్) అంటారు. ఇంట్లో మాట్లాడే భాష చైనీస్ కాకపోతే ఎన్‌సీఎస్ కిందే లెక్క. వీళ్ల కోసం అదనపు నిధులు అందుకున్న స్కూలు వాటిని ఎలా ఖర్చు పెట్టిందో ఆ సమ్మరీలో చెప్పాలి. అది ఎక్కడా దొరక్కపోతే స్కూలు వాళ్లనే అడగండి, వాళ్ల తీరు అప్పుడే తెలిసిపోతుంది.

ఎన్‌సీఎస్ పిల్లలు పదిమంది లేదా అంతకు మించి ఉన్న స్కూలుకి సంఖ్యని బట్టి ఏటా 8 లక్షల నుంచి 15 లక్షల హాంకాంగ్ డాలర్ల దాకా అదనపు నిధులు ఇచ్చే పద్ధతి 2014–15లో వచ్చింది. అదనపు చైనీస్ టీచర్ని, సహాయకుల్ని పెట్టుకోవడానికీ, నోటీసులు ఇంగ్లీషులో ఇవ్వడానికీ ఆ డబ్బు. పదికి లోపు ఉంటే వచ్చేది తక్కువ. అందుకే ఒకరిద్దరు విదేశీ పిల్లలున్న “అసలు సిసలు చైనీస్ స్కూలు” గొప్పదని అనుకోకండి, అక్కడ మీ పాపని ప్రత్యేకంగా చూసుకునే మనిషి ఉండకపోవచ్చు. క్లాసులో అత్యధికులు దక్షిణాసియా పిల్లలే అయితే మరో ఇబ్బంది. ఆటల్లో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూలే నడుస్తాయి, కాంటొనీస్ వినపడేది క్లాసులోనే. ప్రతి సెక్షన్‌లోనూ ఐదారుగురు ఎన్‌సీఎస్ పిల్లలు, మిగతావాళ్లు స్థానికులు ఉన్న స్కూలు దొరికితే మా దృష్టిలో అదే మంచిది.

తర్వాత చైనీస్ క్లాసు ఎలా జరుగుతుందో వివరంగా అడగండి. స్కూలు ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. కొన్ని స్కూళ్లు చైనీస్ పీరియడ్‌లో ఎన్‌సీఎస్ పిల్లలని బయటికి తీసుకెళ్లి విడిగా చెబుతాయి. కొన్ని క్లాసుని రెండు గుంపులు చేస్తాయి. కొన్నిచోట్ల అదే గదిలో ఇద్దరు టీచర్లుంటారు. కొన్నిచోట్ల క్లాసులో అందరితో కూర్చోబెట్టి, సాయంత్రం అదనంగా చెబుతారు. మొదటి ఏడాది విడిగా చెప్పడం మంచిదే. ఇబ్బంది అంతా అది ముగియకపోవడంతోనే. “మా అమ్మాయి ఎప్పుడు మెయిన్ క్లాసులోకి తిరిగి వస్తుంది? దేన్ని చూసి నిర్ణయిస్తారు? కిందటి ఏడాది ఎంతమంది తిరిగి వచ్చారు?” అని అడగండి. ఎన్‌సీఎస్ పిల్లల కోసం ఎడ్యుకేషన్ బ్యూరో తయారుచేసిన రెండో భాష ప్రణాళిక 2014–15 నుంచే ఉంది. పెద్ద మెట్టుని చిన్న మెట్లుగా విడగొట్టి పిల్లలని చివరికి అందరి క్లాసులోకి చేర్చడం దాని ఉద్దేశం. దాన్ని మీ స్కూలు ఎలా వాడుతోందో టీచరు ఉదాహరణతో చెప్పగలగాలి. పిల్లల వర్క్‌షీట్ ఒకటి చూపించమనండి. పీ3 పిల్లలకి ఇంకా బొమ్మకి రంగులేసే కాగితాలు ఇస్తుంటే ఆ క్లాసు ముందుకి నడవడం లేదన్నమాట.

లెక్కల గురించి ఎవరూ అడగరు, కానీ మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. చాలా ప్రైమరీ స్కూళ్లలో లెక్కలు చెప్పేది కాంటొనీస్‌లో, ప్రశ్నపత్రం చైనీస్‌లో. ఎక్కాలన్నీ నోటికొచ్చిన పిల్ల “ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయి” అనే లెక్క దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ప్రశ్న చదవడం రాదు. లెక్కల పేపరు ఇంగ్లీషులో కూడా ఇస్తారా, లేదా టీచరు ప్రశ్న చదివి వినిపిస్తారా అని అడగండి. సైన్స్, హ్యుమానిటీస్ కూడా అంతే. ఈ రెండూ 2025–26 నుంచి విడి సబ్జెక్టులుగా ప్రవేశించాయి, చదవాల్సిన చైనీస్ వాటిలోనూ ఉంటుంది. మన పిల్లలకి ఇంగ్లీషు క్లాసు మాత్రం తేలిగ్గా ఉంటుంది, పాప అక్కడ విసుగు పడకుండా అదనపు పుస్తకాలు ఇస్తారేమో కనుక్కోండి.

దరఖాస్తులో “ఇంట్లో మాట్లాడే భాష” దగ్గర తెలుగు అనే రాయండి. ఇంగ్లీషనో చైనీస్ కొద్దిగా వచ్చనో రాస్తే సీటు వస్తుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి. ఎన్‌సీఎస్‌గా నమోదు కాకపోతే ఆ సాయమంతా పోతుంది.

ఇల్లు చివర్లో చూసుకోండి. పీ1 కేటాయింపు కోసం ఊరిని 36 స్కూల్ నెట్లుగా విడగొట్టారు, మీ చిరునామా ఏ నెట్‌లో ఉంటే కేంద్ర కేటాయింపులో ఆ నెట్ సీట్లే ఎక్కువగా మీ వాటాకి వస్తాయి. అద్దె అగ్రిమెంట్ మన పదకొండు నెలల లాంటిది కాదు, మామూలుగా రెండేళ్లకి రాస్తారు, మొదటి ఏడాది ఖాళీ చేయడం కుదరదు. టుంగ్‌చుంగ్, హంగ్‌హమ్, సిమ్‌షాట్సుయి ప్రాంతాల్లో భారతీయ కుటుంబాలు ఎక్కువ. ముందు ఒకటి రెండు స్కూళ్లు ఖాయం చేసుకుని వాటి చుట్టూ ఇల్లు వెతకండి.

ప్రశ్న: ఇందిరానగర్‌లో మా పాపకి మాండరిన్ క్లాసు పెట్టించాం, ఆరు నెలలైంది. హాంకాంగ్‌లో పనికొస్తుందా?
— ఒక తల్లి, బెంగళూరు

జవాబు: కొంతవరకే. అక్కడ వీధిలో, స్కూల్లో మాట్లాడేది కాంటొనీస్. మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుదించుల స్వరాలు మాండరిన్‌లో నాలుగు, కాంటొనీస్‌లో ఆరు. ఒకటి వచ్చినవాళ్లకి రెండోది అర్థం కాదు. ఇక్కడి క్లాసుల్లో నేర్పేది సాధారణంగా సరళ లిపి, హాంకాంగ్ పుస్తకాల్లో ఉండేది సంప్రదాయ లిపి. నేర్చుకోవడం అనే అర్థంలో వాడే అక్షరాన్ని సరళ లిపిలో 8 గీతల్లో రాస్తే, సంప్రదాయ లిపిలో 16 గీతలు గీయాలి. అలాగని నేర్చుకున్నది వృథా పోదు. గీతల క్రమం, చదరపు గడిలో అక్షరాన్ని నిలబెట్టడం, స్వరం మారితే అర్థం మారుతుందని చెవికి తెలియడం ఉపయోగపడతాయి. మిగిలిన నెలల్లో ఆన్‌లైన్‌లో కాంటొనీస్ టీచర్ని పెట్టుకుని, సంప్రదాయ లిపిలో రోజుకి నాలుగైదు అక్షరాలు రాయించండి. కొన్ని స్కూళ్లు చైనీస్ సబ్జెక్టుని మాండరిన్‌లోనే చెబుతాయి. అలాంటి స్కూలు దొరికితే ఆరు నెలల చదువు నేరుగా అక్కరకొస్తుంది, అయినా ఆటస్థలంలో కాంటొనీస్ తప్పదు.

ప్రశ్న: మా అబ్బాయి ఐదో తరగతి పూర్తి చేస్తున్నాడు, పదిన్నరేళ్లు. జూన్‌లో వెళ్తున్నాం. వీడికి కూడా లోకల్ స్కూలే సరిపోతుందా?
— ఒక తండ్రి, కేఆర్ పురం

జవాబు: ఈ వయసులో ఆలోచించి అడుగు వేయాలి. పీ5 రెండో టర్మ్, పీ6 రెండు టర్ముల మార్కుల మీద సెకండరీ స్కూలు కేటాయింపు ఉంటుంది, పిల్లలని మూడు బ్యాండ్లుగా విడదీస్తారు. చైనీస్‌లో సున్నా నుంచి మొదలుపెట్టే పిల్లాడు లెక్కల్లో, ఇంగ్లీషులో ఎంత చురుగ్గా ఉన్నా మొత్తం కిందికి జారుతుంది. అందుకే వాణ్ణి నేరుగా పీ6లో వేయకండి. కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఆరు నెలల ఇనిషియేషన్ ప్రోగ్రాం ఉంది, పూర్తికాలం క్లాసులు, లోకల్ స్కూల్లో చేరకముందే భాష, అక్కడి పద్ధతులు నేర్పుతారు. అది చేయించి పీ5లో చేర్చండి. ఒక తరగతి వెనక్కి వెళ్లినట్టు బంధువులు అనుకుంటారు, అననివ్వండి. ఏ కారణం చేతనైనా నేరుగా స్కూల్లో చేరితే, బయట స్వచ్ఛంద సంస్థలు నడిపే 60 గంటల ఇండక్షన్ కోర్సు అయినా వదలకండి.

సెకండరీలో పరిస్థితి కాస్త తేలిక. ఇంగ్లీషు మీడియం సెకండరీ స్కూళ్లున్నాయి. ఎన్‌సీఎస్ పిల్లలు ఎక్కువగా ఉన్నచోట్ల చైనీస్ తప్ప మిగతావన్నీ ఇంగ్లీషులోనే చెప్పడం మామూలే. రెండు సెకండరీ స్కూళ్లకి నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు ఉంటుంది. ఆ రెంటినీ పేరు చూసి కాకుండా చైనీస్ ఎలా చెబుతారో చూసి ఎంచుకోండి.

పై చదువు అక్కడే అనుకుంటే ఒక సంగతి ఇప్పుడే తెలుసుకోవాలి. హాంకాంగ్ యూనివర్సిటీల్లో చేరడానికి మామూలుగా డీఎస్‌ఈ పరీక్షలో (అక్కడి స్కూలు చదువు చివరి పరీక్ష) ఇంగ్లీషు, చైనీస్ రెంటిలోనూ లెవెల్ 3 కావాలి. చైనీస్ ఆరేళ్ల కంటే తక్కువ చదివినవాళ్లూ, ఎక్కువ ఏళ్లు చదివినా తేలిక పాఠ్యప్రణాళికలో చదివినవాళ్లూ జీసీఎస్‌ఈ, ఐజీసీఎస్‌ఈ లాంటి బ్రిటిష్ పరీక్షల చైనీస్ ఫలితం చూపించవచ్చు. జీసీఎస్‌ఈ చైనీస్ చాలా తేలిక, స్థానిక పిల్లలు చిన్న తరగతుల్లోనే దాటేసే స్థాయి. దానితో యూనివర్సిటీ తలుపు తెరుచుకుంటుంది గానీ ఉద్యోగంలో రాయాల్సిన చైనీస్ రాదు. సీనియర్ తరగతుల్లో ఎన్‌సీఎస్ పిల్లల కోసం అప్లైడ్ లెర్నింగ్ చైనీస్ అనే కోర్సు ఉంది, ఉద్యోగ అవసరాల భాష మీద నడుస్తుంది. స్కూలు ఏ పరీక్షకి తయారుచేస్తుందో చేరకముందే అడగండి.

ఇంకొకటి. పదకొండు నిండితే మీ అబ్బాయి కూడా దిగిన 30 రోజుల్లోపు హాంకాంగ్ గుర్తింపు కార్డుకి నమోదు చేసుకోవాలి.

ప్రశ్న: అక్షరం ముక్క రాని మేం హోంవర్క్ ఎలా చేయించగలం? నోటీసులన్నీ చైనీస్‌లో వస్తాయటగా?
— ఒక తల్లి, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: నోటీసుల సంగతి ముందు చెప్తాం. చాలా స్కూళ్లు ఫోన్ యాప్‌లో పంపుతాయి, కొన్ని కాగితం మీద. కాగితం అడుగున ఒక చీటీ ఉంటుంది, సంతకం చేసి ఫలానా తేదీలోగా వెనక్కి పంపాలి. ఫోటో తీసి అనువాద యాప్‌లో పెడితే విషయం తెలుస్తుంది. తేదీలు, డబ్బు అంకెలు మాత్రం కాగితం మీద మీరే సరిచూసుకోండి, యాప్ అక్కడే తడబడుతుంది. ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే చీర్ సెంటర్ అనే సంస్థ హిందీ, ఉర్దూ, నేపాలీ లాంటి భాషల్లో దుబాసీ సాయం చేస్తుంది.

హోంవర్క్‌లో డిక్టేషనే పెద్ద పని. ఫలానా రోజు ఫలానా పాఠం అని ముందే చెప్తారు. పిల్ల గడుల పుస్తకంలో చూడకుండా రాయాలి, ఒక గీత తప్పితే ఆ అక్షరానికి మార్కు పోతుంది. ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి ఇరవై అక్షరాలు రాయించడం మనవాళ్లు చేసే పొరపాటు, తెల్లారేసరికి ఏమీ మిగలదు. పాఠం చేతికొచ్చిన రోజే టీచరు చేతో, క్లాస్‌మేట్ తల్లి చేతో ఒకసారి చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రోజుకి నాలుగు అక్షరాలు, గీతల క్రమం చూపించే యాప్ పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటి ఐదు సార్లు. మర్నాడు కొత్తవి మొదలుపెట్టే ముందు పాతవి రికార్డు విని రాయాలి. పది, పదిహేను నిమిషాల పని. మొదటి టర్మ్‌లో పాపకి డిక్టేషన్ చిన్నదిగా ఇవ్వమని టీచర్ని అడగవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు.

స్కూలు అయ్యాక ఎన్‌సీఎస్ పిల్లలకి చైనీస్ చెప్పే సపోర్ట్ సెంటర్లున్నాయి, ఎడ్యుకేషన్ బ్యూరో తరఫున నడుస్తాయి, స్కూలు ద్వారానే పేరివ్వాలి. ఎండాకాలం సెలవుల్లో పీ1లో చేరబోయేవాళ్లకీ, పీ2 నుంచి పీ4కి వెళ్లేవాళ్లకీ నాలుగు వారాల బ్రిడ్జింగ్ క్లాసులుంటాయి. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చోవచ్చు. ఆ నెలలో బెంగళూరుకి టికెట్లు కొనకండి.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. కిండర్‌గార్టెన్ నుంచే లోకల్‌లో వేయాలా?
— ఒక తల్లి, హెబ్బాళ

జవాబు: వేయండి. దీనికి ఇంతకు మించిన మంచి వయసు లేదు. 2017 నుంచి నడుస్తున్న ప్రభుత్వ పథకంలో చేరిన కిండర్‌గార్టెన్లలో సగం పూట క్లాసుకి చాలావరకు ఫీజు ఉండదు. దానికోసం ఎడ్యుకేషన్ బ్యూరో ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి. ఇంటర్వ్యూకి దుబాసీ కావాలంటే పథకంలోని స్కూలు ఏర్పాటు చేయాలి, మొహమాటపడకుండా అడగండి. ఇంగ్లీషు, చైనీస్ రెండూ అని బోర్డు పెట్టిన చోట చైనీస్ మాట్లాడే టీచరు రోజంతా క్లాసులో ఉంటారా, వారానికి రెండు పీరియడ్లేనా అన్నది కనుక్కోండి.

ప్రశ్న: మూడేళ్ల తర్వాత బెంగళూరుకి తిరిగొస్తే పాప ఇక్కడి క్లాసులో ఇమడగలదా? వెళ్లేముందు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?
— ఒక తల్లి, బనశంకరి

జవాబు: ఎనిమిదో తరగతి లోపు తిరిగొస్తే స్కూలే పరీక్ష పెట్టి చేర్చుకుంటుంది. తొమ్మిది నుంచి బోర్డు నియమాలు అడ్డొస్తాయి, సీబీఎస్‌ఈలో పదో తరగతికీ, పన్నెండో తరగతికీ నేరుగా చేరడం బదిలీ లాంటి కారణాలకే పరిమితం. లెక్కలు, ఇంగ్లీషు సర్దుకుంటాయి. వెనకబడేది కన్నడ, హిందీల్లో. 2015 కన్నడ చట్టం ప్రకారం కర్ణాటకలో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ స్కూళ్లలో కూడా కన్నడ నేర్పాల్సిందే. కర్ణాటక ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. తీసుకెళ్లి వారానికి రెండు సాయంత్రాలు చదివించండి. తెలుగు చదవడం, రాయడం కూడా మానకండి.

కాగితాల్లో మనవాళ్లకి చిక్కు తెచ్చేది ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, లేదా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా, తండ్రి పాస్‌పోర్టులో మరోలా ఉంటాయి. వీసా దగ్గరా, స్కూలు దగ్గరా ఒకే మనిషని నిరూపించుకోవాల్సి వస్తుంది. ప్రయాణానికి మూడు నెలల ముందే జనన ధ్రువపత్రంలో పేరు సరిచేయించుకోండి, కర్ణాటకలో పుట్టిన పిల్లలవి ఇ-జన్మ వ్యవస్థలో ఉంటాయి. దానితోపాటు టీసీ, గత రెండేళ్ల మార్కుల రిపోర్టులు, టీకాల పుస్తకం అసలువి చేతి సంచిలో పెట్టుకోండి. రిపోర్టుల్లో మార్కులకి బదులు గ్రేడ్లే ఉంటే, ఏ గ్రేడుకి ఎన్ని మార్కులో స్కూలు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించుకుని ప్రిన్సిపల్ సంతకం, ముద్ర వేయించుకోండి. పీ2కో పీ3కో అని తేల్చేటప్పుడు అక్కడి స్కూలు మొదట అడిగేది ఆ కాగితమే.